దా అంటే రమ్మని కాదు

మే నెలలో నల్లగొండలో, మిట్టమధ్యాహ్నం కిటికీకి చద్దరు కట్టి, తలుపు దగ్గరికేసి, లైటు ఆర్పి కూర్చున్నవాణ్ని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? మా నాయనమ్మ వడదెబ్బ అనుకుంది. సంగతి అది కాదు. నేనాడుతున్న గేములో చీకటి ఎక్కువ, మా గదిలో వెలుగు ఎక్కువ. చద్దరు కట్టకముందు మానిటర్లో నాకు కనిపించిన మనిషి ఒక్కడే. బనీను మీదున్న నేను.

గేము పేరు హాఫ్‌లైఫ్. 1998లో వచ్చింది. దాంతోపాటే లెవెళ్లు, అంటే గేములో మనం తిరిగే చోట్లు, కట్టుకునే సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చారు. అప్పటినుంచి ఎక్కడెక్కడి అభిమానులో సొంతంగా లెవెళ్లు కట్టి ఊరికే పంచిపెడుతున్నారు. కౌంటర్ స్ట్రైక్ అనే గేము కూడా 1999లో అట్లా అభిమానుల చేతుల్లో పుట్టిందే. నేను దించుకున్నది ఒక రష్యా అభిమాని కట్టినది. భూమి కింద సొరంగాలు, పైపులు, నీళ్లు కారే చప్పుడు. చప్పుడనే ఎందుకంటున్నానంటే, నీళ్లు కనిపిస్తే కదా.

ముందు బ్రైట్‌నెస్ పెంచి చూశాను. నలుపు కాస్తా పలచని మజ్జిగలా తయారైంది గానీ దారి మాత్రం తేలలేదు. టార్చి ఉంది. వేస్తే దాని బ్యాటరీ తగ్గుతుంది, ఆర్పితే మళ్లీ నిండుతుంది. అంటే కాసేపు చూడాలి, కాసేపు దేవుణ్ని తలుచుకోవాలి. అయినా 2004లో వచ్చిన డూమ్ 3 అనే గేముతో పోలిస్తే ఇది నయం. అందులో టార్చి పట్టుకుంటే తుపాకి ఉండదు, తుపాకి పట్టుకుంటే టార్చి ఉండదు. అభిమానులు విసిగిపోయి, తుపాకికే టార్చిని టేపుతో చుట్టినట్టు ఒక మోడ్, అంటే గేముకు సొంత మార్పు, చేసుకున్నారు. గేము చేసినవాళ్లు 2012లో మళ్లీ విడుదల చేసినప్పుడుగానీ లైటును కవచానికి తగిలించలేదు. రాత్రి కరెంటు వచ్చే రోజుల్లో తలకు టార్చి కట్టుకుని బాయి కాడికి పోయిన మా పెదనాయనను ఒక్క మాట అడిగి ఉంటే ఆ ఎనిమిదేళ్లు మిగిలేవి.

ఈ పాత గేముల్లో నీడలు చాలావరకు అప్పటికప్పుడు పడేవి కావు. లెవెల్ కట్టేవాడు దీపాలు పెట్టాక, ఏ గోడ మీద ఎంత వెలుగో, ఎక్కడ నీడో కంప్యూటరు ముందే లెక్కగట్టి గోడలకు అతికించేస్తుంది. ఆ నీడ ఇక కదలదు. మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. అక్కడ లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా ఉన్నచోటే ఉంటుంది. కాకపోతే ఆ గుడి కట్టినవాళ్లు వెలుగును కూడా లెక్కలోకి తీసుకున్నారు. మా రష్యా తమ్ముడు నీడ పెట్టి దీపం మరిచిపోయాడు.

అతణ్ని మరీ తప్పుపట్టలేను. తను కట్టుకున్న ఇల్లు, కళ్లు మూసుకుని తిరగగలడు. మా నాయనమ్మా అంతే. కరెంటు పోతే కొవ్వొత్తి కోసం తడుముకునేది మేము. ఆమె చక్కగా వంటింట్లోకి పోయి నీళ్లు తాగి వస్తుంది.

చీకటి సరే, మాట సంగతేంటి? కింద అక్షరాలు పడవు. గోడ మీద రాతలు చూస్తే ఇంగ్లీషులాగే ఉంటాయి, కానీ ‘పి’లా కనిపించేది ‘ర’ అట, ‘హెచ్’లా కనిపించేది ‘న’ అట. ఇక దిక్కు చెవులే. సొరంగం చివర ఒక సిపాయి "దా, దా" అన్నాడు. పిలుస్తున్నాడు కదా అని పోయాను. గుంతలో పడి చచ్చాను. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ "దా" అన్నాడు, మళ్లీ పోయాను. ఇట్లా ఐదుసార్లు. రష్యన్‌లో దా అంటే ‘ఔను’ అని తర్వాత తెలిసింది. పాపం, పక్కనున్న సైంటిస్టు మాటకు ఔనౌనంటున్నాడు.

ఆరోసారి గుంత తప్పించుకుని, కాలు విరగ్గొట్టుకుని అతని దగ్గరికి చేరాను. "దవాయ్! దవాయ్!" అని అరుస్తున్నాడు. దవాయి అంటే మన దగ్గర మందు. ఎంత దెబ్బ తగిలిందో ఏమో అని మందుల పెట్టె కోసం సొరంగమంతా తడిమాను. దొరికింది, కానీ తాకగానే అది నా ఒంటికే పట్టింది. నాకు మొహం చెల్లలేదు. తీరా చూస్తే దవాయ్ అంటే ‘పద, కానీ’ అని అర్థమట.

ఈ సిగ్గులో కుర్చీ వెనక్కి జరిపాను. హెడ్‌ఫోను వైరు కుర్చీ కాలికి చుట్టుకుని ఊడి వచ్చింది. స్పీకర్లోంచి ఇల్లంతా మోగింది: "దా! దా! దవాయ్!"

తలుపు తెరుచుకుంది. ఢామ్మని చప్పుడు, వెనకే చెంబు దొర్లిన చప్పుడు.

"ఇన్నేండ్లల్ల ఈ ఇంట్ల చీకట్ల ఒక్కపారి తాకలే. ఈ స్టూలు ఈడ ఎవలు పెట్టిండ్రురా?"

చద్దరు కట్టడానికి నేనే పెట్టాను. చెప్పలేదు.

"నువ్వెందుకొచ్చినవు నాయనమ్మా?"

"దా దా అని పిలిస్తివి గదరా. దవాయి పొద్దుగాల్నే ఏసుకున్న, మల్ల ఎందుకు?"

అదే స్టూలు మీద కూర్చుని మోకాలు రుద్దుకోవడం మొదలుపెట్టింది. తెర మీద తాళమేసిన ఇనుప తలుపు, దాని పక్కన అంకెల మీటలు. ఎవరో ముసలాయన గొంతు ఒకటే మాట తిప్పి తిప్పి చెబుతోంది: "త్రి... చితీరె... షేస్త్..."

నేను అరగంట నుంచి వింటున్నదే అది. నాయనమ్మ ఒక్కసారి విని మొహం చిట్లించింది.

"ఎవల్రా ఆయన, తిథులు చదువుతుండు? తదియ, చవితి, షష్ఠి... మరి నడుమ పంచమి ఏడవాయె?"

మూడు, నాలుగు, ఆరు నొక్కాను. ఇనుప తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. లోపల ఇంతకుముందుకంటే చీకటి. ఆ చీకట్లోంచి ఎవరో "దా" అన్నారు.

"పోకురా," అంది నాయనమ్మ.