ఖాళీ అనుకున్న తుపాకీ

‘ఖాళీదే అనుకున్నాను.’ తుపాకీ పొరపాటున పేలి ఎవరో ఒకరు నేలకూలాక తరచూ వినిపించే మాట ఇది. చెప్పేవారు అబద్ధమాడడం లేదు, నిజంగానే అలా అనుకున్నారు. తూటాలు నింపే పెట్టెను, అంటే మ్యాగజైన్‌ను, తీసేయగానే పిస్టల్ ఖాళీ అయిపోయిందనిపిస్తుంది. కానీ అప్పటికే ఛాంబర్‌లోకి, అంటే పేలడానికి సిద్ధంగా తూటా ఉండే అరలోకి, ఎక్కిన తూటా అక్కడే ఉంటుంది. మ్యాగజైన్ లేకపోయినా చాలా పిస్టళ్లు ఆ ఒక్క తూటాను పేలుస్తాయి.

సరైన శిక్షణ ఉంటే ఇలా జరగదంటారు కొందరు. శిక్షణ అవసరమే, కాదనం. అయితే 2004లో అమెరికాలోని ఓర్లాండోలో, పిల్లలకు తుపాకీ భద్రత గురించి చెబుతున్న మాదకద్రవ్యాల నిరోధక అధికారి చేతిలోనే పిస్టల్ పేలింది. తూటా ఆయన తొడలో దిగింది. ఎదురుగా పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆయనకు శిక్షణ లేక కాదు. రోజూ చేసే పనిలోనే ధ్యాస తప్పుతుంది, అలవాటుపడ్డ చెయ్యి చూడకుండానే పని కానిచ్చేస్తుంది. తలుపుకు తాళం వేశామో లేదో గుర్తురాక సగం దారిలోంచి వెనక్కి వచ్చే మనమే కదా, తుపాకీ పట్టుకునేది కూడా!

పొరపాటు చేతిది మాత్రమే కానక్కర్లేదు. తుపాకీ దాచిన చోటు పిల్లలకు తెలియదని పెద్దలు ధీమాగా ఉంటారు, కానీ అది వాళ్లకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. మమ్మల్ని అంతకన్నా కలవరపెట్టే సంగతి మరొకటుంది. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. చచ్చిపోవాలన్న తలంపు చాలామందిలో హఠాత్తుగా ముంచుకొచ్చి, కాసేపటికి తగ్గుతుంది. ఎవరైనా పలకరించడానికి, మనసు మారడానికి కావలసిన ఆ కాస్త సమయం, తుపాకీ చేతికందే చోట ఉంటే దొరకదు.

అందుకే ‘జాగ్రత్తగా ఉంటాను’ అనే హామీ మీద లైసెన్స్ ఇవ్వడం సరిపోదని మా అభిప్రాయం. జపాన్‌లో తుపాకీని ఒకచోట, తూటాలను మరోచోట తాళం వేసి ఉంచాలి. పోలీసులు వాటిని ఏటా తనిఖీ చేస్తారు. తుపాకీ ఉంచుకోవడానికి అనుమతించే ప్రతి ప్రభుత్వం కనీసం ఈపాటి నియమం పెట్టాలి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉన్నప్పుడు, ఆ ఆయుధాన్ని కొన్నాళ్లు బయట భద్రపరిచే వీలునూ చట్టమే కల్పించాలి. అలా అప్పగించినవారికి లైసెన్స్ పోతుందన్న భయం ఉండకూడదు.