చెరువు కోసం సభలు సరే, చీపురు పట్టిన మనిషికి కుర్చీ ఏది?

బెళ్లందూరు చెరువులో మంటలు లేచిన 2017, 2018 నాటి నుంచీ బెంగళూరులో పర్యావరణం పేరు చెప్పగానే మైకు పట్టుకునేది ఒకే వర్గం. అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలు, ఐటీ ఉద్యోగులు, రిటైరైన ఆఫీసర్లు. తెల్లారకముందే ఊరి చెత్తను చేత్తో ఎత్తే మనిషిని మాత్రం పర్యావరణ కార్యకర్త అని ఎవరూ పిలవరు. పౌరకార్మికుల్లో, అంటే నగరం ఊడ్చే పారిశుధ్య కార్మికుల్లో, ఎక్కువమంది దళిత మహిళలు. వాళ్లలో చాలామంది ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగు.

అమెరికాలో చెత్త కుప్పలు ఎవరి ఇళ్ల పక్కకు చేరాలో తేల్చేది జాతి అయితే, ఇక్కడ ఆ పని కులం చేస్తోంది. దానికి డబ్బు, ఆడా మగా తేడా తోడయ్యాయి.

ఆకులు కాల్చడమే చూడండి. ఎండాకాలం ముందు చెట్లు ఆకు రాలుస్తాయి. వీధంతా ఊడ్చి, పట్టా మీద పోసి, ఈడ్చుకుంటూ పోయి పౌరకార్మికురాలు ఒక మూల కుప్ప పెడుతుంది. దాన్ని ఎత్తాల్సిన బండి రాదు. పని చూసే మేస్త్రీ మాత్రం వచ్చి, కుప్ప కనబడకూడదంటాడు. ఇక ఆమె అగ్గిపుల్ల గీస్తుంది. పై అంతస్తు నుంచి ఎవరో ఫోటో తీసి ట్విటర్‌లో పెడతారు. చీవాట్లు ఆమెకే. ఆ పొగను అందరికంటే ముందు, అందరికంటే దగ్గరగా పీల్చేదీ ఆమే. బండి పంపని అధికారి గురించి ఆ పోస్టులో ఒక్క ముక్క ఉండదు.

చెత్త వేరు చేసే రూల్ సంగతీ అంతే. 2012లో తప్పనిసరి చేశారు. 2015 చివర్లో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి పెట్టమంది: తడి చెత్తకొక బుట్ట, ప్యాడ్లు డైపర్ల లాంటివాటికొక బుట్ట, పొడి చెత్తకు సంచి. ఇంట్లో వేరు చేసేది ఇల్లాలు, లేకపోతే పనిమనిషి. వాళ్లకు కుదరకపోతే బండి దగ్గర నిలబడ్డ ఆమె, కాగితం కూడా చుట్టకుండా పడేసిన ప్యాడ్లనూ డైపర్లనూ తన చేతుల్తో ఏరాలి. నగరం చెత్త పోసిన మావళ్లిపుర, మండూరు ఊళ్ల జనం రోడ్డెక్కేదాకా ఆ చెత్త ఎక్కడికి పోతోందో నగరానికి పట్టనే లేదు.

అపార్ట్‌మెంట్ జనం ఏమీ చేయలేదా అంటారు. చేశారు. కైకొండ్రహళ్లి చెరువు బతికిందంటే చుట్టుపక్కల కాలనీలవాళ్లు పట్టుబట్టడం వల్లే, కాదనను. కానీ ఈ ఊళ్లో ఏ చెరువుకైనా కంచె వేసి వాకింగ్ ట్రాక్ పరిచేటప్పుడు, అక్కడ పశువులు మేపుకునేవాళ్లనూ గడ్డి కోసుకునే ఆడవాళ్లనూ ఎంతమంది అడిగారు?

ఇక మన తెలుగువాళ్ల సంగతి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్‌లలో మనకు సంఘాలున్నాయి, ఉగాది వేడుకలున్నాయి. బెంగళూరులో తెలుగువాళ్లు ఇంతమందిమని గొప్పగా చెప్పుకునేటప్పుడు పౌరకార్మికుల కుటుంబాలనూ ఆ లెక్కలో కలుపుకుంటాం. వేడుకకు పిలిచేటప్పుడు మాత్రం కలుపుకోం. హాలు ముందు రోడ్డు ఊడ్చిన ఆమె మాట్లాడేది మన భాషే, చాలాసార్లు మన రాయలసీమ యాసే. అయినా "మనవాళ్లు" అన్నప్పుడు ఆమె అందులోకి రాదు. అడ్డం కులమే, ఇంకేమీ కాదు. 2022 జులైలో పర్మినెంట్ చేయమని వాళ్లు పని ఆపి రోడ్డు మీద కూర్చున్నారు. భాష పేరుతో నడిచే మన సంఘాల్లో ఎన్ని వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాయి?

2020 సెప్టెంబరులో పాలికె, అంటే బెంగళూరు నగరపాలక సంస్థ, కౌన్సిల్ గడువు తీరాక ఏళ్ల తరబడి కార్పొరేటర్లే లేరు. ఆ కాలంలో అధికారుల తలుపు తట్టగలిగింది ఇంగ్లిష్‌లో ఈమెయిల్ రాయగలిగినవాళ్లే. అందుకే వార్డు కమిటీల్లో ఆ వార్డు ఊడ్చే ఆడవాళ్లకు సీట్లు కేటాయించాలి. మీటింగ్ వాళ్ల డ్యూటీ టైములోనే పెట్టాలి, ఆ పూట జీతం కోయకూడదు. ఆకుల బండి ఏ వీధికి ఏ రోజు రావాలో వాళ్లు చెప్పాలి, అధికారి రాసుకోవాలి.