పులిహోర మూత తీసేలోగా వాడ్సో

నార్వేకి ఉత్తరపు కొసన వాడ్సో అనే ఊళ్లో మా బామ్మర్ది ఉంటాడు. జూన్‌లో వాడింటికి బయల్దేరాం, నేనూ మా ఆవిడా. ఆఖరి విమానం కిర్కెనెస్ నుంచి. టికెట్ మీద బయల్దేరేది 1:05, చేరేది 1:20 అని ఉంది. పదిహేను నిమిషాలు! మా గుంటూరు బస్టాండులోంచి బస్సు బయటపడటానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

అప్పుడు నాలోని మేధావి నిద్రలేచాడు. కిర్కెనెస్ రష్యా సరిహద్దు పక్కన, ఇస్తాంబుల్ కంటే కూడా తూర్పున ఉన్న ఊరు కాబట్టి అక్కడి గడియారం గంట ముందుంటుంది, ఆ గంట టికెట్లో కలిసిపోయింది, అసలు ప్రయాణం గంటంబావు అని మా ఆవిడకి మ్యాపు తీసి మరీ వివరించాను. నార్వే మొత్తానికీ టైము ఒకటేనన్న సంగతి మ్యాపులో రాసిలేదు మరి. వాడ్సో కిర్కెనెస్‌కి తిన్నగా ఉత్తరాన ఉందని మాత్రం కనిపిస్తూనే ఉంది, నేనే చూడలేదు. నా చూపంతా రోడ్డు మీద: వరంగర్ ఫ్యోర్డు అనే సముద్రపు పాయ చుట్టూ తిరిగి 170 కిలోమీటర్ల పైచిలుకు. నీళ్ల మీదుగా ఎగిరితే 38, అంటే గుంటూరు నుంచి విజయవాడకి పోయినంత.

రెండు ఫ్యాన్లు, 39 సీట్లున్న బుల్లి విమానం. మాకు పక్కపక్క సీట్లు దొరకలేదు, ఆవిడ ముందు, నేను వెనక. గంటంబావు ఉందిగా అని ఓస్లోలో మా పిన్ని కూతురు కట్టిచ్చిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, బెల్టు లైటు ఆరాక తిందామని కూర్చున్నాను. ఆ లైటు ఆరనే లేదు. కింద చెట్టన్నది లేని గట్టు, తర్వాత నీళ్లు, మళ్లీ గట్టు, అంతలో చక్రాలు నేలకి తగిలాయి.

కొందరు దిగారు, కొందరు కదల్లేదు. ఓహో, మన పల్లెవెలుగులా మధ్యలో స్టాపన్నమాట అనుకుని, ఇదే అదను అని మూత తీశాను. మా ఆవిడ దిగిపోవడం కనిపించింది గానీ, కాళ్లు సాగదీసుకోవడానికేమో అనుకున్నాను. వేరుశనగ గుళ్లన్నీ ఏరుకుని, నాలుగో ముద్ద నోట్లో పెట్టుకునేసరికి ఎయిర్‌హోస్టెస్ రెండోసారి తలలు లెక్కపెడుతోంది. రెండుసార్లూ నా దగ్గరే ఆగింది.

"ఎక్కడికి?"

"వాడ్సో," అన్నాను, నోట్లో ముద్దతోనే.

"ఇదే వాడ్సో."

1926లో ఉత్తర ధ్రువానికి పోతూ నార్వే సాహసయాత్రికుడు అముండ్‌సెన్ బృందం గాలి ఓడని కట్టిన స్తంభం ఈ ఊళ్లో ఇప్పటికీ ఉంది. అంతటివాళ్లు ఆగిన ఊళ్లో నేను దిగకుండా కూర్చున్నాను.

ఎడంచేత్తో డబ్బా, చంకలో బ్యాగు, మూత ఎక్కడో సీటు కింద. బయట మా ఆవిడ నావైపు చూడటం కూడా మానేసింది. బామ్మర్ది షేక్‌హ్యాండ్‌కని చెయ్యి చాచి, పసుపుపచ్చగా ఉన్న నా చెయ్యి చూసి ఆగిపోయాడు.

"ఏంటి బావా, దార్లో వ్రతమేమైనా చేసుకొచ్చావా?"