సంక్రాంతి సెలవుల ప్రాజెక్టు వర్కు గారికి ఒక తల్లి విన్నపం

మహారాజశ్రీ సంక్రాంతి సెలవుల ప్రాజెక్టు వర్కు గారి సముఖమునకు,

రెండో తరగతి చదువుతున్న ఒక పిల్లవాడి తల్లి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరమూ క్షేమము. తమరు కూడా క్షేమంగానే ఉన్నారని నిన్న బడిలో కళ్ళారా చూశాను. మెట్ల కింద, విరిగిన బెంచీల పక్కన, తమ సాటి నమూనాలన్నింటితో కలిసి గోడకు చేరబడి విశ్రాంతి తీసుకుంటున్నారు. తమ వీపుకు అంటించిన చీటీని కూడా చదివాను. సృజనాత్మకతకు పదికి ఆరు, శుభ్రతకు పదికి మూడు. దాని కింద ఎర్ర సిరాతో, అంచులు సమంగా లేవనీ, ఇకముందు మరింత శ్రద్ధ చూపాలనీ ఇంగ్లీషులో ఒక హితవు. ఆ మూడు మార్కులు నిజానికి ఎవరికి పడ్డాయో తమకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవడం మర్యాద. భోగికి ముందురోజు రాత్రి, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల వరుస ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగుస్తుందో తెలియక మేము కూర్చుని ఉన్న వేళ, తమరు తరగతి వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ రూపంలో వెలిశారు. మొదటి వాక్యంలో, ‘సెలవులను కుటుంబంతో, బంధువులతో ఆనందంగా గడపండి’ అని ఆశీర్వదించారు. ఆ ఆశీర్వాదపు తడి ఆరకముందే రెండో వాక్యంలో, మన పండుగల్లో ఒకదాన్ని చూపే త్రీడీ నమూనాను ఏ3 కొలత థర్మోకోల్ అట్ట మీద తయారుచేసి, బడి తెరిచిన రోజే అప్పగించాలన్నారు. విద్యార్థి స్వయంగా చేయాలి, తల్లిదండ్రులు పర్యవేక్షించాలి, మార్కులు ఫార్మేటివ్‌లో కలుస్తాయి, ఇతర సామగ్రి స్వీకరించబడదు. గ్రూపులో ఉన్న తల్లులందరూ ‘నోటెడ్ మేడమ్’ అన్నారు. లోపల ఏమనుకున్నారో నాకు తెలుసు, ఎందుకంటే నేను కూడా ‘నోటెడ్ మేడమ్’ అనే పెట్టాను.

పండుగ ప్రయాణంలోని కష్టాలన్నీ తమ ఖాతాలో వేయడం న్యాయం కాదని ఒప్పుకుంటాను. రైలు టికెట్ల ముందస్తు గడువును 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించినా మాకు దక్కింది వెయిటింగ్ లిస్టే; అందులో తమ తప్పేమీ లేదు. ఇంటినిండా చుట్టాలుండగా ఒకే ఒక్క స్నానాలగది తలుపు ముందు తువ్వాళ్ళు పట్టుకుని నిలబడ్డ వరుసకూ తమకూ సంబంధం లేదు. మా వాడి బుగ్గ గిల్లి, ‘ఎంత ఎదిగిపోయావురా’ అన్న నోటితోనే ‘ర్యాంకు ఎంత’ అని అడిగే పెద్దమ్మలు తమకంటే ముందునుంచే ఉన్నారు. అల్లుళ్ళ విస్తళ్ళలో ఎన్ని రకాలు పడ్డాయో లెక్కపెట్టి ఫొటోలు తీసిన మా బాబాయి, ఆ రకాలన్నీ వండిన వదిన ఇంకా భోంచేయలేదన్న సంగతిని ఏ ఫొటోలోనూ చూపలేదు. చిన్నదానికి భోగిపళ్ళు పోస్తుంటే రేగుపళ్ళ మధ్య పడ్డ నాణేల కోసం పిల్లలు కొట్టుకున్నారు. ఇవన్నీ ఏటా ఉండేవే, ఏటా తిట్టుకుని మళ్ళీ ఏటా వెళ్ళేవే. వీటిలో ఏదీ పండుగను మా చేతుల్లోంచి లాక్కుపోలేదు. ఆ పని చేసినది తమరొక్కరే.

మా పుట్టిల్లు కోనసీమ. అంబాజీపేట మండలంలో జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట ఉంది. అక్కడ గుడి లేదు. అయినా కనుమనాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులుగా, ప్రభల మీద వచ్చి అక్కడ కొలువుదీరుతారు. వెదురుతో కట్టి, రంగురంగుల కొత్త బట్టలు చుట్టి, పూలతో, గంటలతో సింగారించిన ఆ ప్రభలకు చక్రాలుండవు. మనుషుల భుజాలే వాటి వాహనం. అడ్డం వచ్చిన చేల మీదుగానే వాటిని మోసుకుపోతారు. పచ్చటి వరి కాళ్ళ కింద నలిగినా ఆ చేను గల రైతు నోరెత్తడు సరికదా, తన పొలంలో స్వామి నడిచాడని సంతోషిస్తాడు. గంగలకుర్రు ఊరి ప్రభలనైతే కౌశిక నదిలో దిగి, నీళ్ళలో నిలబడి, పైకెత్తి దాటిస్తారు. ప్రభ ఒక పక్కకు ఒరిగినప్పుడు గట్టుమీద ఉన్న జనమంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టడం చిన్నప్పటినుంచీ నేను ఎరిగిన సంగతి. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. ఆ ఏడు ముఖ్య అతిథిగా వచ్చిన ఈజిప్టు అధ్యక్షుడు దాన్ని చూశారు. ఆ మట్టిలో పుట్టినదాని కొడుకు ఇంతవరకూ చూడలేదు.

నిరుడూ అంతకుముందూ జ్వరాలో, దొరకని టికెట్లో అడ్డం వచ్చాయి. ఈ ఏడైనా మనవణ్ణి గట్టుమీద నిలబెట్టి చూపించాలని మా నాన్నగారు దీపావళి నుంచీ ఫోనులో చెబుతూనే ఉన్నారు. ఆయన మా ఊరి ప్రభకు వెదురు కట్టే మనిషి. ఏ గడ ఎంత వంగుతుందో, ముడి ఎక్కడ పడితే మోసేవాడి భుజం కోసుకుపోదో ఆయనకు పుస్తకం అక్కరలేకుండా తెలుసు. డెబ్బై దాటాక మోయడం మానేశారు గాని, కనుమనాడు ప్రభ ముందు నడవకుండా ఉండడం నేనెన్నడూ చూడలేదు.

భోగినాడు మంటలు, సాయంత్రం భోగిపళ్ళు. పెద్దపండుగనాడు పెద్దలకు పెట్టుకోవడం. ముక్కనుమనాడు తెల్లవారకముందే తిరుగు ప్రయాణం. కనుక తమ సేవకు మిగిలింది కనుమ ఒక్కటే. కనుమనాడు కాకి కూడా కదలదంటారు. కాకి కదలలేదు గాని, గారెల విస్తరి ముందు కూర్చున్న మా ఇంటి అల్లుడు థర్మోకోల్ అట్ట కోసం మోటారుసైకిలు ఎక్కి అంబాజీపేట నుంచి అమలాపురం దాకా మూసిన కొట్ల తలుపులు తట్టుకుంటూ తిరిగారు. చివరకు ఎవరి ఇంట్లోనో కొత్త టీవీ పెట్టెలోంచి తీసిన అట్ట దొరికింది. దాన్ని కోసేసరికి రాలిన తెల్లపూసలు ఇల్లంతా ఎగిరి, రుబ్బిపెట్టిన మినప్పిండిలో కూడా పడ్డాయి. ఆ పూటకు గారెలు ఎవరు ఎంత నమ్మకంతో తిన్నారో నేను అడగలేదు.

ఆ అట్టను చూసి నాన్నగారు, “ఈ బెండు ముక్కలెందుకమ్మా, మూరెడు వెదురు ప్రభ నేను కట్టిస్తాను కదా, నిజం ప్రభే పట్టుకెళ్ళండి” అన్నారు. నేను తమ నిబంధన చదివి వినిపించాను. “ఇతర సామగ్రి పుచ్చుకోరా? ఎవరు పెట్టారమ్మా ఈ నియమం?” అన్నారు. “బడివాళ్ళు నాన్నగారూ” అన్నాను. “బడివాళ్ళు చెప్పాక ఇంకేం” అని కత్తిపీట ముందు వేసుకుని కూర్చున్నారు. ఆయన నాలుగో తరగతితో చదువు మానేసిన మనిషి. బడి అన్న మాటకు గుడికి ఇచ్చినంత గౌరవం ఇస్తారు. వెదురు తెలిసిన ఆ వేళ్ళకు బెండు లొంగలేదు. అంచులు సమంగా రాలేదు. తమ చీటీ ఆ విషయం చక్కగానే పట్టుకుంది.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా వీధి చివర డప్పులు మోగాయి. శరభా శరభా అన్న కేకలు దగ్గరపడుతున్నాయి. మా వాడు లేచాడు. వాడి చేతిలో అప్పుడే అతికించిన కాగితపు ప్రభ ఉంది, వదిలేస్తే ఒరిగిపోతుంది. “గమ్ము ఆరేదాకా కదలకు” అన్నాను. వాడు కదలలేదు. నాన్నగారు గుమ్మం దాకా వెళ్ళి, ఒకసారి వీధిలోకి చూసి, మళ్ళీ వచ్చి వాడి పక్కన కూర్చుని రెండోవైపు పట్టుకున్నారు. మా ఊరి ప్రభ మా గుమ్మం ముందునుంచి వెళ్ళిపోతుంటే తాతా మనవడూ లోపల కూర్చుని టీవీ అట్ట మీద దాని బొమ్మను పట్టుకుని ఉన్నారు.

ఇక్కడిదాకా తమరు, తమరు అంటూ వచ్చాను. ఇక అనలేను. నువ్వు ఏం నేర్పావు మా వాడికి? పండుగ గురించి నేర్పడానికి వచ్చి పండుగనే మింగేశావు. నిన్ను చేసినవాడు ఏడేళ్ళ పిల్లవాడు కాదని నిన్ను అడిగినవాళ్ళకు తెలుసు, నీకు మార్కులు వేసినవాళ్ళకు తెలుసు, నీ పక్కన ఎలక్ట్రిక్ బల్బులతో మెరిసిపోతూ పదికి పది తెచ్చుకున్న నమూనాను కొట్లో రెడీమేడ్‌గా కొన్నారని దాని వెనక మిగిలిపోయిన ధర చీటీని చూసిన ప్రతివాళ్ళకూ తెలుసు. అందరికీ తెలిసిన అబద్ధానికి ఎర్ర సిరా ఎందుకు? పైగా అలంకరణకు థర్మోకోల్ వాడకాన్ని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. నువ్వు అలంకరణవు కాదు, విద్యవు అంటావా? మెట్ల కింద పడుకున్న నిన్ను చూస్తే ఆ తేడా నాకు కనిపించలేదు.

పిల్లల మీద చదువు బరువు తగ్గించండని కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఇవ్వకూడదని 2018లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు బ్యాగు విధానం కూడా రెండో తరగతి దాకా ఇంటిపనే వద్దంది. మూడు నుంచి ఐదు తరగతులకు సైతం వారానికి రెండు గంటలు దాటవద్దంది. అంతటితో ఆగలేదు. ఆ చిన్నపిల్లలు ఇంటి దగ్గర సాయంత్రం ఎలా గడిపారో, ఏం ఆటలు ఆడారో, ఏం తిన్నారో తరగతిలో నోటితో చెప్పనివ్వండి అని రాసింది. ఎంత చిన్న కోరిక! ఆ గట్టుమీద నిలబడి ఉంటే మా వాడు వారం రోజులు చెప్పేవాడు. ప్రభ ఎంత ఎత్తో చేతులు చాపి చూపించేవాడు, శరభా అని అరిచి తరగతిని హడలగొట్టేవాడు. ఇప్పుడు టీచరుగారు ‘పండుగకు ఏం చేశావు’ అంటే ‘ప్రాజెక్టు’ అన్నాడట. అబద్ధం చెప్పే పిల్లవాడు కాడు.

నిన్న సాయంత్రం నాన్నగారు ఫోను చేసి, “మన ప్రభకు ఎన్ని మార్కులు వేశారమ్మా?” అని అడిగారు. పదికి పది అన్నాను. “అంచులు చూడలేదన్నమాట” అని నవ్వారు.

సరే, కోపం అక్కడితో ఉంచుతాను. తమరు మళ్ళీ వస్తారని తెలుసు. వేసవిలో ఒకసారి, దసరాకు ఒకసారి, ఎలాగూ తప్పదు. వచ్చే సంక్రాంతికి కూడా తప్పక దయచేయండి. మా ఇంట్లో చుట్టాలకు లోటుండదు, అరుగుమీద తమకొక చాప వేయిస్తాం, అరిసెలు పెడతాం, స్నానాలగది వరుసలో బాబాయి వెనక నిలబడవచ్చు. కనుమనాడు మాత్రం మధ్యాహ్నం నుంచి ఇంట్లో ఎవరూ ఉండరు. అందరం జగ్గన్నతోటలో ఉంటాం. మరునాడు తిరుగు ప్రయాణంలో కార్లో చోటు మిగిలితే తమ సంగతి చూస్తాం. మిగలకపోతే ఫార్మేటివ్‌లో ఎన్ని తగ్గుతాయో తగ్గనివ్వండి. ఇంకొక మాట. వచ్చేటప్పుడు తమ థర్మోకోల్ తమరే తెచ్చుకోవాలి. కనుమనాడు మా వైపు కొట్లు తెరవరు, మా ఇంటి అల్లుడు కూడా గారెల ముందునుంచి ఈసారి లేవనని చెప్పేశారు.

ఇట్లు,
తమ పర్యవేక్షకురాలు