బ్రేక్ లైటు గారికి, ఎదురుగా నిలబడ్డవాడు రాయునది

మహారాజశ్రీ బ్రేక్ లైటు గారి దివ్య సముఖమునకు, రోడ్డు దాటబోయి ఆగిపోయిన ఒక పాదచారి నమస్కరించి రాయునది ఏమనగా...

సముఖము అని అలవాటుగా రాసేశాను, మన్నించండి. మీ ముఖం నేనెప్పుడూ చూసింది లేదు. మీ కాపురం బండి వీపు మీద. నేను నిలబడేది బండికి ఎదురుగా. మనిద్దరికీ పరిచయమయ్యేది బండి నన్ను దాటిపోయాకే. అప్పటికి మీతో నాకు పనుండదు.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఉత్తరాల మొదట్లో ఈ మాట ఊరికే రాస్తారు. నేను మాత్రం నిన్న మధ్యాహ్నం జరిగింది తలుచుకుని, ఒకటికి రెండుసార్లు అమ్మ వైపు చూసుకుని మరీ రాస్తున్నాను.

నవంబరు కదా, అమ్మ తను బతికే ఉన్నానని బ్యాంకుకి చెప్పుకోవాలి. నాన్న తపాలా శాఖలో చేసి పోయారు. ఆ ఫ్యామిలీ పెన్షన్ ఆగకుండా రావాలంటే ఏటా ఈ తంతు తప్పదు. ఇంట్లో కూర్చుని ఫోన్‌కి ముఖం చూపించినా చాలంటారు. చూపించాం. కళ్ళు ఆర్పమంది. అమ్మ ఆర్పింది. మళ్ళీ ఆర్పమంది. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను, ఎన్నిసార్లని ఆర్పుతుంది? "ఇది నన్ను నమ్మట్లేదురా, మనిషి దగ్గరికే పోదాం పద" అని చీర మార్చుకుంది. బ్యాంకేమో చైతన్యపురి మెయిన్ రోడ్డుకి అవతల. మేం ఇవతల. అంటే బతికే ఉన్నానని చెప్పడానికి ముందు అమ్మ ఆ రోడ్డు దాటి బతకాలి.

స్టేషన్ దాకా నడిచి, మెట్రో లిఫ్టు ఎక్కి అవతల దిగొచ్చు కదా అని సలహా ఇచ్చే పెద్దమనుషులకి ఒక్క మాట: అమ్మ మోకాళ్ళు మీకు అరువిస్తాం, ఒక్కసారి నడిచి చూపించండి.

మూడుంబావుకి గీతల దగ్గర నిలబడ్డాం. జీబ్రా గీతలే. సగం చెరిగిపోయి జీబ్రా కన్నా గాడిదకి దగ్గరగా ఉన్నాయి, అయినా ఉన్నాయి. ఇరవై నిమిషాలు గడిచాయి. అప్పుడొచ్చింది ఒక తెల్ల కారు. దూరం నుంచే హెడ్‌లైట్లు రెండుసార్లు మిణుకుమనిపించి డిప్పర్ కొట్టాడు. "రమ్మంటున్నాడురా" అని అమ్మ కాలు కిందికి పెట్టింది. "ఆగమంటున్నాడమ్మా" అని నేను చెయ్యి పట్టుకుని లాగాను.

ఈ డిప్పర్ గారు వరసకి మీకు బావమరిది అవుతాడనుకుంటాను. మీరు పుట్టుమూగ, ఆయన నోటికేదొస్తే అది. బ్రిటన్‌లో హైవే కోడ్ ప్రకారం డిప్పర్ కొడితే "నేనిక్కడున్నాను" అని చెప్పడమే, అంతకు మించి అర్థం లేదు. జనం మాత్రం "మీరు వెళ్ళండి" అనడానికే వాడుకుంటారు. మన దగ్గర అదే వెలుగుకి "నేనాగను, నీ ఇష్టం" అని అర్థం. లండన్‌లో నాలుగేళ్ళు ఉండొచ్చిన మా మేనల్లుడు మొన్నొకసారి ఎవరో డిప్పర్ కొడితే నవ్వుతూ చెయ్యూపి రోడ్డు మీదికి దిగాడు. వాడికింకా పెళ్ళి కావాలి. కాలరు పట్టి వెనక్కి లాగాం.

సరే, కారు వస్తోంది. ఆగుతుందా? మీరు చెప్పరు. డ్రైవరు కళ్ళలోకి చూద్దామంటే అద్దం మీద ఆకాశమూ మెట్రో పిల్లరూ తప్ప మనిషి కనపడడు. ఇక మిగిలింది బండి ముక్కు. బ్రేక్ నొక్కితే బరువు ముందుకి పడి బానెట్ రెండు వేళ్ళంత వంగుతుంది. అంతే, ఎదురుగా ఉన్నవాడికి దక్కే కబురు ఆ రెండు వేళ్ళే. మూడున్నర ఎండలో, వచ్చే బండి మీద ఆ రెండు వేళ్ళ వంపు పట్టుకోవాలంటే మామూలు చూపు సరిపోదు, కంసాలి చూపు కావాలి. నేను చూశాను. వంగిందనే అనిపించింది. "పద" అన్నాను.

నిజంగానే ఆగుతున్నాడు. పాపం, మంచివాడే. కాకపోతే ఆ సంగతి మాకన్నా ముందు ఇంకొకడికి తెలిసింది. కారు వెనకాల వస్తున్న బైకు కుర్రాడికి. మీరు దేదీప్యమానంగా వెలిగి "ముందాయన ఆగుతున్నాడు" అని వాడికి కబురు పెట్టారు. కబురు అందగానే వాడేం చేస్తాడు? మీరైనా నేనైనా ఊహించేదే. ఆగే బండి వెనక ఆగడం నామోషీ కదా, ఎడమ పక్కనుంచి సర్రున దూరాడు. ఎడమ పక్కన ఉన్నది మేమే.

హ్యాండిల్ తగిలింది అమ్మకి కాదు, అమ్మ చేతిలోని ప్లాస్టిక్ కవరుకి. ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్కు, పెన్షన్ కాగితం, కళ్ళజోడు పెట్టె అన్నీ గీతల మీద పడ్డాయి. కారాయన అద్దం దించి, "లైటు కొట్టాను కదమ్మా, చూసుకోవద్దా?" అన్నాడు. "కొట్టావు నాయనా, రమ్మనా ఆగమనా?" అంది అమ్మ. ఆయన నోరు తెరిచాడు. ఒక్క క్షణం ఆలోచించాడు. అద్దం పైకెత్తుకుని వెళ్ళిపోయాడు. కాస్త ముందు యూటర్న్ దగ్గర మళ్ళీ మీరు వెలిగారు, మా ఇద్దరికీ బాగా కనపడేలాగా. ఎంత అందంగా వెలిగారనీ!

కాగితాలు ఏరుకుని, అమ్మ చేతుల వణుకు తగ్గేదాకా ఆగి, అవతలికి చేరేసరికి నాలుగూ ఐదు. షట్టర్ సగం దించేశారు. గార్డు వంగి కిందనుంచి చూసి "రేపు రండమ్మా" అన్నాడు. బతికున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంది, అయినా రేపు రావాలట.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బండి ఆగుతోందన్న వార్త ఎవరికి అవసరం? వెనకవాడికి అవసరమే, కాదనను. తెలియకపోతే బంపరు సొట్టపోతుంది, ఇన్సూరెన్సు వాడికి ఫోన్ చేసుకోవాలి. ఎదురుగా ఉన్నవాడికి తెలియకపోతే? మూడు లేన్లు దాటడానికి అమ్మకి 15 సెకన్లు కావాలి. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి 11 మీటర్లు మింగుతుంది, అంటే 15 సెకన్లలో 160 మీటర్ల పైమాటే. అంత దూరం ఖాళీ దొరికాక దాటుదామంటే ఆ రోడ్డు మీద సంక్రాంతికి హైదరాబాద్ ఊళ్ళకి పోయినప్పుడే కుదురుతుంది. మిగతా రోజుల్లో ఎవడో ఒకడు బ్రేక్ నొక్కాలి, నొక్కాడని మాకు తెలియాలి. మీరు ఆ ముక్క ఇనుముకి చెప్తారు, ఒంటికి చెప్పరు.

చట్టం ఒప్పుకోదంటారా? తెలుసు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వది చూశాను. ముందువైపు ఎర్ర లైటు కనపడకూడదు. ముందు ఎరుపు పెట్టుకునే యోగం ఎర్రబుగ్గ కార్ల వాళ్ళకి ఉండేది, 2017 మే 1 నుంచి అదీ తీసేశారు. ఉన్న రోజుల్లో మాత్రం ఏం ఒరిగింది? ఆ బుగ్గ "నేను ఆగుతున్నాను" అని ఏనాడూ చెప్పలేదు. "నువ్వు ఆగు" అనే చెప్పింది.

పోనీ ఎరుపు వద్దు, వేరే రంగు లేదా? ఆస్ట్రియాలో గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు కూడళ్ళలో నిజంగా జరిగిన 200 ప్రమాదాలు తీసుకుని, ముందువైపు కూడా బ్రేక్ లైటు ఉండుంటే ఏమయ్యేదని లెక్కకట్టారు. ఎదుటివాడు ఎంత చురుగ్గా స్పందిస్తాడన్నదాన్ని బట్టి 7.5 నుంచి 17 శాతం దాకా ప్రమాదాలు తప్పేవని 2025లో చెప్పారు. వాళ్ళు అనుకున్నది ఆకుపచ్చ రంగు. స్వీడన్‌లో ఒక కంపెనీ 2016లోనే ఇంకో అడుగు ముందుకేసి, రోడ్డు దాటేవాళ్ళని చూస్తే ముందు భాగంలో చిరునవ్వు వెలిగే కారు నమూనా చూపించింది. మన రోడ్డు మీద కారు నవ్వితే మనం దాటం. ఎందుకు నవ్వుతోందా అని జేబు తడుముకుంటాం.

ఆకుపచ్చ లైటు వచ్చినా ఏమవుతుందో నాకు తెలుసు. వారం తిరక్కుండా ఆటోనగర్‌లో అది ఎనిమిది రంగుల్లో దొరుకుతుంది, బ్రేక్ నొక్కకపోయినా మిణుకుమంటుంది, పాట కూడా వస్తుంది. హజార్డ్ లైట్లకి పట్టిన గతి చూడలేదా? నాలుగూ ఒకేసారి వేస్తే "నేరుగా పోతున్నాను" అని అర్థమట, ఏ మహానుభావుడు కనిపెట్టాడో. ఇండికేటర్ సంగతి ఎత్తను. దిల్‌సుఖ్‌నగర్‌లో వేసింది హయత్‌నగర్ దాకా ఆరదు. వాటన్నిటి కన్నా ఆటో అన్న బయటపెట్టే ఎడమకాలే నయం, ఎటు చూపిస్తే అటే తిరుగుతాడు.

వెనకవాళ్ళ విషయంలో మీ వంశానికున్న శ్రద్ధ చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. రెండు చాల్లేదు. 1974లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ వోవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త టాక్సీల వెనక మధ్యలో మూడోది పెట్టి చూశాడు. వెనకనుంచి గుద్దడాలు 60 శాతం తగ్గాయి. 1986 మోడల్ నుంచి అమెరికాలో కార్లన్నిటికీ అది తప్పనిసరి. అందరి కళ్ళకీ అలవాటయ్యాక లాభం 4 శాతం దగ్గర ఆగిందని తర్వాత వాళ్ళే తేల్చారు. అయినా ఉంచేశారు, మంచిదే. శివుడికి మూడో కన్ను నుదుట ఉంటే మీకు వీపున వెలిసింది. లారీలే చూడండి. స్టాప్, హార్న్ ప్లీజ్, దూరం పాటించు, మర్యాదలన్నీ వెనక రాస్తారు. ముందేముంది? ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు. అవీ బండికి దిష్టి తగలకూడదనే, నాకు బండి తగలకూడదని కాదు.

ఇక మర్యాద నావల్ల కాదు. నిన్ను అడుగుతున్నాను. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది నడిచిపోయేవాళ్ళు. అందరూ నీ వల్లే పోయారనడం లేదు. తాగినవాడున్నాడు, ఫోన్ చూసేవాడున్నాడు, ఫుట్‌పాత్ మీద దుకాణం పెట్టినవాడున్నాడు, పెట్టనిచ్చినవాడున్నాడు. కానీ ఎంతమంది ఆఖరు క్షణంలో నాలాగే బానెట్ కేసి చూసి, వంగిందా లేదా అని తేల్చుకుంటూ నిలబడ్డారో నీకేం తెలుసు? నువ్వు అటు తిరిగి ఉన్నావు. బండి తోలేవాడి కాలు పెడల్ మీద పడ్డ క్షణమే నీకు తెలుస్తుంది. ఆ మాట నాలుగు మీటర్లు ముందుకి తీసుకురావడానికి నీకు నోరు రాలేదు. అటు పక్క వాడికి చెప్పావు, వాడొచ్చి మా అమ్మ మీద పడబోయాడు. ఆ కుర్రాణ్ణి తిట్టి తిట్టి రాత్రి పడుకున్నాను. పొద్దున లేచేసరికి కోపం నీ మీదికి మళ్ళింది.

తిరుగు ప్రయాణం కూడా చెప్పాలి. మొదటి సగం ఎలాగో దాటి డివైడర్ దగ్గర పిల్లరు నీడలో నిలబడ్డాం. ఎడమ నుంచి ఆర్టీసీ బస్సు వస్తోంది. అమ్మని గట్టిగా పట్టుకున్నాను. డ్రైవరు మమ్మల్ని చూశాడు. డిప్పర్ కొట్టలేదు, హారన్ కొట్టలేదు. కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, గాల్లో చంటిపిల్లని జోకొడుతున్నట్టు రెండు మూడుసార్లు పైకీ కిందికీ ఆడించాడు. ఖాకీ చొక్కా, మణికట్టుకి ఎర్ర తాడు, అంతా కనపడింది. బస్సు ఇంకా ఆగనే లేదు, అమ్మ మాత్రం "ఆగుతున్నాడు, పద" అంది. నేను బానెట్ చూడలేదు. ఆ చెయ్యి వెనకవాళ్ళకీ కనపడింది, మాకూ కనపడింది. 1989 నాటి రోడ్డు నియమాల్లో వేగం తగ్గించేటప్పుడు చూపించాలని రాసింది అచ్చంగా ఆ సైగే. ఏసీ వచ్చాక అద్దాలు దిగవు, ఆ చేతులన్నీ లోపలే ఉండిపోయాయి.

"మీ నాన్న ఇట్లాగే పెట్టేవారు" అంది అమ్మ, అవతలి ఫుట్‌పాత్ ఎక్కాక. నాన్న పాత స్కూటరుకి నువ్వు ఎప్పుడో మాడిపోయావు. బల్బు మార్పించమని అమ్మ పోరితే, చెయ్యి ఉంది కదే అనేవారు. వెనక కూర్చున్న అమ్మకి ఆయన భుజం కదిలితే చాలు, బండి ఆగబోతోందని తెలిసేదట.

ఇవాళ పదిన్నరకే బయల్దేరదామని అమ్మ గట్టిగా చెప్పింది. నేను ఆఫీసుకి సెలవు పెట్టాను.

ఇట్లు,
ఇవాళ మళ్ళీ మీ ఎదుట నిలబడబోయే
విధేయుడు

తా.క.: ఆ బస్సు మమ్మల్ని దాటి వెళ్ళి ముందు స్టాపులో ఆగినప్పుడు కావాలని వెనక్కి తిరిగి చూశాను. కుడివైపు నువ్వు వెలగడం లేదు.