పాట కావాలి, పాటగాడి మాట వద్దా?

హన్మకొండ సంతాప సభలో ఆదివారం ఏం జరిగిందో ఈపాటికి ఉమ్మడి వరంగల్ జిల్లా అంతటికీ తెలుసు. వాగులో కొట్టుకుపోయిన తండ్రీకొడుకుల ఫొటోలకు దండలు వేశారు, రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ వెంటనే మైకు అందుకున్న పెద్దమనిషి, "నీళ్లు పోతున్నయని కళ్లకు కనబడుతున్నా బండి దింపితే ఎవరు మాత్రం ఏం చేస్తరు?" అన్నారు. ఆ ఇంటి ఇల్లాలు ముందు వరసలోనే కూర్చుని ఉంది. చావు కబురు తెచ్చినవాడు కూడా గుమ్మం దగ్గర కాస్త గొంతు తగ్గిస్తాడు. ఈయన తగ్గించలేదు. పైగా ప్రసంగం ముగించి, "ఇగ పాట పాడు" అని డప్పు కళాకారుడి వైపు చెయ్యి చూపించారు.

ఆ కళాకారుడు డప్పు కింద పెట్టి మైకు దగ్గరికి వచ్చారు. "నన్ను ఏడిపియ్యమని పిలిచిండ్రు. అది నా పనే. కానీ ఆ తల్లిని ఇప్పుడే గన్ని మాటలని, ఎంటనే నన్ను పాడుమంటే నా పాట మీ మాట మీద కప్పే బట్టయితది. నేను పాడ" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. "చావు డప్పు కొట్టేటప్పుడు సచ్చినోడు తాగిండా, అప్పు చేసిండా, ఎవరితోని కొట్లాడిండా అని అడుగొద్దని మా నాయిన నేర్పిండు. దొరకైనా గదే దెబ్బ, జీతగానికైనా గదే దెబ్బ."

మైకు కట్ అయింది. "పాటగాడివి పాడిపో, నీకెందుకు ఇవన్నీ" అని వేదిక మీది నుంచే ఎవరో అన్నారు. నోరు జారిన పెద్దమనిషి అక్కడ చివరిదాకా 'గారు'. డప్పు పట్టినాయన మాత్రం 'నువ్వు'. ఇది కూడా పాఠకులు గమనించాలి.

వాన కాలంలో జాగ్రత్తలు చెప్పడం తప్పు కాదు, పారే వాగులో బండి దింపొద్దని మేమూ ఏటా రాస్తూనే ఉన్నాం. అయితే ఆ మాట చెప్పాల్సింది జూన్‌లో, దండోరా వేసి, వాగు ఒడ్డున మనిషిని నిలబెట్టి. ఫొటోలకు దండలు వేసిన చోట చెబితే అది జాగ్రత్త కాదు, చనిపోయినవాళ్ల మీద తీర్పు. ఆ తీర్పుతో ఎవరికి లాభమో చూడండి. తప్పు చచ్చినవాడిదని తేలిపోతే కల్వర్టు ఎందుకు ఎత్తు పెంచలేదని ఎవరూ అడగరు. రాత్రి ఆ దారి ఎందుకు మూయలేదని అడగరు. ఒక్క మాటతో ఫైలు మూతపడుతుంది. మా భయమంతా దాని గురించే.

ఫైలు ఇలా మూతపడటం కొత్త కాదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పసిపిల్లలు పోయారు. పిల్లల పుస్తకాల సంచులు పట్టాల మీదే ఉన్నాయి, ఈలోపే డ్రైవర్ ఫోన్ మాట్లాడుతూ నడిపాడన్న మాట ఊరూరా తిరిగింది. జవాబు చెప్పడానికి డ్రైవర్ బతికి లేడు. అతని తప్పు ఎంతో మేము చెప్పబోవడం లేదు. కానీ అక్కడ గేటూ కాపలా మనిషీ ఉండి ఉంటే ఆ బస్సు పట్టాల మీదికి వచ్చేదా? దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేసరికి 2019 వచ్చింది. డ్రైవర్‌ను తిట్టడానికి మాత్రం ఒక్క పూట కూడా పట్టలేదు.

2018 సెప్టెంబర్ 11, మంగళవారం. కొండగట్టు ఘాట్‌రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. బస్సులో ఉన్నవాళ్లు వందకు పైనే. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట లాంటి పల్లెల్లో వీధులకు వీధులే శోకాలు పెట్టాయి. అంత మందిలో అసలు ఎందుకెక్కారని తీరిగ్గా అడిగినవాళ్లను మనం చూశాం. ఎందుకెక్కుతారు? ఇంకో బస్సు ఎప్పుడొస్తుందో తెలియక ఎక్కుతారు. పల్లె నుంచి జగిత్యాల ఆస్పత్రికి పోవాల్సిన ముసలమ్మకు సీట్లు లెక్కపెట్టి ఎక్కే తాహతు ఎక్కడిది?

వరంగల్ పక్కన గొర్రెకుంట సంగతి వేరు, అక్కడ మాకూ తలవంపులే. 2020 మేలో బావిలోంచి తొమ్మిది శవాలు తీశారు. గోనె సంచులు కుట్టుకుంటూ బతికే వలస కుటుంబం, పక్కన ఉన్న మరికొందరు కూలీలు. ఆకలితో ఆత్మహత్యలనీ, ఇంటి గొడవలనీ తొలి రెండు రోజులు నోటికొచ్చిన కథలు నడిచాయి. పత్రికలూ చానెళ్లూ ఆ కథల్ని మోశాయి. మేము మినహాయింపు అని చెప్పుకోం. చివరికి తేలిందేమిటి? అన్నంలో నిద్రమాత్రలు కలిపి, మత్తులో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ బావిలో పడేశాడు ఒక హంతకుడు. అక్టోబర్‌లో కోర్టు ఉరిశిక్ష వేసింది. నేరం తేలింది గానీ, ఆ రెండు రోజులు అన్న మాటల్ని వెనక్కి తీసుకున్నవాళ్లు ఎంతమంది? మా కంటికి ఎవరూ ఆనలేదు.

మళ్లీ వాగు దగ్గరికే వద్దాం. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి జనం ఇంటి కప్పులెక్కారు, చెట్లెక్కారు. వాళ్లను దించడానికి హెలికాప్టర్లు వచ్చాయి. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఎనిమిది మందిని మింగింది. వీళ్లలో ఎవరూ వాగులో బండి దింపలేదు. వాగే వచ్చి ఇంట్లో దూరింది. మరి వీళ్ల తప్పేమిటో కూడా ఆ పెద్దమనిషే చెప్పాలి. మానేరు మీద ఓడేడు, గర్మిళ్లపల్లి మధ్య 2016లో మొదలుపెట్టిన వంతెన ఎనిమిదేళ్లకూ పూర్తి కాలేదు. 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలికి దాని గడ్డర్లు కూలిపడ్డాయి. అదృష్టం, కింద ఎవరూ లేరు. ఉండి ఉంటే? "అర్ధరాత్రి అక్కడేం పని" అనేవారు. అనరని ఎవరైనా మాకు హామీ ఇస్తారా?

ఆదివారం నాటి మాట మీద అధికారులు, పార్టీలు, సంఘాలు ఎవరూ పెదవి విప్పలేదు. ఇలా వదిలేస్తే ఇదే ఆనవాయితీ అవుతుంది. రేపు కరెంటు తీగ తెగి రైతు చనిపోతే పొలానికి చీకట్లో ఎందుకెళ్లాడంటారు. ఎల్లుండి ఆస్పత్రిలో బాలింత చనిపోతే ముందే ఎందుకు తీసుకురాలేదంటారు. ప్రతిసారీ చచ్చినవాడే ముద్దాయి, ప్రతిసారీ ఫైలు మూతే.

మన పల్లెల్లో శోకం పెట్టే ఆడవాళ్లను చూడండి. బతికున్నన్నాళ్లూ గెట్టు పంచాయితీ నడిపిన పక్కింటామె కూడా ఆ రోజు వచ్చి, "నా ఇంటి ముందట ముగ్గేసిన చేతులాయె" అని రాగం తీస్తుంది. పంచాయితీ మరిచిపోయి కాదు. పిండం పిట్టకు పెట్టేదాకా ఆ మాట ఎత్తకూడదని ఆమెకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. డప్పు కళాకారుడు చెప్పింది కూడా ఇదే. ఆయన చదివింది ఎంతో మాకు తెలియదు. డప్పు వాయించే సిర్ర, చిటికెన పుల్ల చేతిలో పట్టుకుని ఎన్ని పాడెల ముందు నడిచి ఉంటారో మాత్రం ఊహించగలం. చావు దగ్గర ఎలా మసలాలో వేదిక మీద కూర్చున్నవాళ్లందరి కంటే ఆయనకే ఎక్కువ తెలిసి ఉండాలి.

ఆయన నోరే ఎందుకు మూయించారు? తెలంగాణ ఉద్యమంలో ధూంధాం ఆటపాటల వేదికలెక్కించి గొంతు బొంగురుపోయేదాకా పాడించుకున్నది ఈ పార్టీలే. ఎన్నికలొస్తే ప్రచార వ్యాన్ల మీద పాడించుకుంటారు. మొక్కలు నాటాలన్నా, టీకా వేయించుకోవాలన్నా కళాజాత కావాలి. అప్పుడు పాటగాడు ప్రజల గొంతుక, మట్టి మనిషి, ఇంకా ఏవేవో బిరుదులు. అదే గొంతు రాగం లేకుండా ఒక్క వాక్యం మాట్లాడితే మైకు కట్ చేస్తారా? పాటకు చప్పట్లు, మాటకు గద్దింపు. ఇంత వేషం ప్రజాకవి కాళోజీ ఊళ్లో చెల్లుతుందని ఎలా అనుకున్నారో!

సభ నిర్వాహకులు ఆ కళాకారుడికి క్షమాపణ చెప్పాలి. ఆ వాగు మీది కల్వర్టు సంగతి ఏమైందో జిల్లా యంత్రాంగం రాతపూర్వకంగా బయటపెట్టాలి, మూసిన ఫైలు తెరవాలి. ఇక ఆ పెద్దమనిషి. అయ్యా, మీ మాటల్ని వక్రీకరించారని రేపో మాపో మాకు ప్రకటన పంపుతారేమో, ఆ శ్రమ వద్దు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మీకు సభ అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, మా పత్రిక అంతకన్నా అక్కర్లేదు. ఓట్లప్పుడు గల్లీ గల్లీ తిరిగారు కదా, ఆ ఇంటికి దారి మీకు తెలిసే ఉంటుంది. వెంట ఫొటోగ్రాఫర్‌ను తీసుకెళ్లకండి.