కాగితాల మీద విడుదల

మానసిక జబ్బు నయమైన మనిషిని ఆసుపత్రిలో ఉంచేయడం చట్టవిరుద్ధం. అయినవాళ్లు రానివ్వకపోయినా, తలదాచుకునే చోటు లేకపోయినా ఆ సాకుతో ఉంచడానికి వీల్లేదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఇలాంటివారికి జనం మధ్యే గృహాలు ఏర్పాటు చేసే బాధ్యతను ప్రభుత్వాలకే అప్పగించింది. అయినా కోలుకున్నవారిని ఆసుపత్రుల్లోనే మగ్గబెడుతున్నారని 2023 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ మండిపడాల్సి వచ్చింది.

ఈ మందలింపులకు ప్రభుత్వాలు కనిపెట్టిన సులువైన జవాబు, ఆసుపత్రి జాబితాలోంచి పేరు కొట్టేయడం. మహారాష్ట్ర అదే చేసింది. రోగులను యాచకుల గృహాలకు, వృద్ధాశ్రమాలకు పంపింది. 2021 జులైలో సుప్రీంకోర్టు దాన్ని అడ్డుకుంది. పాత గృహాలకు కొత్త పేరు పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదని తేల్చి చెప్పింది. అక్కడ మందులెవరు ఇస్తారు? మళ్లీ జబ్బు ముదిరితే గుర్తుపట్టేదెవరు? జాబితాలో పేరు లేకపోతే అడిగేవారూ ఉండరు.

ఈ లెక్కల మోజు ఎంత దూరం పోతుందో దక్షిణాఫ్రికా చూపింది. ఖర్చు తగ్గించుకోవాలని గౌటెంగ్ ప్రాంతీయ ప్రభుత్వం 2015-16లో లైఫ్ ఎసిడిమెని ఆసుపత్రుల నుంచి పదమూడు వందల మందికి పైగా రోగులను హడావిడిగా తరలించింది. చాలామందిని సరైన లైసెన్సు లేని స్వచ్ఛంద సంస్థలకు అప్పగించారు. కొందరిని ట్రక్కుల వెనక ఎక్కించి పంపారు. ఎవరిని ఎక్కడికి పంపారో ఎన్నో కుటుంబాలకు తెలియలేదు. ఆకలితో, దాహంతో, పట్టించుకునే దిక్కులేక 144 మంది చనిపోయారు. వారిలో తొమ్మిది మంది మరణాలకు ఇద్దరు మాజీ అధికారులు బాధ్యులని అక్కడి న్యాయస్థానం 2024 జులైలో తేల్చింది. దానికీ ప్రభుత్వం పెట్టుకున్న పేరు ‘సమాజంలోకి తరలింపు’.

ఇలాంటివి చూసి, ఆసుపత్రే మేలని బంధువులు, కొందరు వైద్యులు అంటున్నారు. వారి భయం అబద్ధం కాదు. కానీ చెన్నైకి చెందిన బ్యాన్యన్ సంస్థ 2015 నుంచి మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురిని కలిపి, తోడుగా సహాయకులను పెట్టి నడుపుతోంది. ఈ పూట ఏ కూర వండాలో అక్కడ ఉండేవారే అనుకుంటారు. ఒక స్వచ్ఛంద సంస్థకు చేతనైన పని ప్రభుత్వాలకు చేతకాదంటే ఎవరు నమ్మాలి?

ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల్లో కోలుకుని కూడా ఇంకా ఉండిపోయినవారు ఎందరు? వారి కోసం ఎన్ని ఇళ్లు తీసుకున్నారు? సహాయకుల జీతాలకు ఎంత కేటాయించారు? రెండు తెలుగు ప్రభుత్వాలూ వచ్చే బడ్జెట్‌లో అంకెలతో జవాబు చెప్పాలి. అప్పటిదాకా ఎంతమందిని ‘పంపించేశాం’ అన్న గొప్పలు మంత్రుల నోట రాకూడదు.